చదివే శిక్ష

త్రిపురసుందరి బూడిదగుమ్మడి వడియాలు పెట్టడానికి డాబా ఎక్కి అక్కడే ఇరుక్కుపోయింది. ఆ సంగతి ఫోన్లో మొత్తుకుంటే వందమందికి పైగా రచయితలు ఆవిణ్ణి మెచ్చుకున్నారు. ఇది మీకు అర్థం కావాలంటే ముందు ‘సిరాచుక్క’ గురించి చెప్పాలి. చెప్పినా మీరు నమ్మకపోవచ్చు. నేనేం చెయ్యను, జరిగింది మరి.

సిరాచుక్క అంటే ఫోన్లో నడిచే రచయితల గ్రూపు. రచయితలంటే పుస్తకాలు అచ్చేసి అమ్ముకునేవాళ్ళు కాదు. బియ్యం పొయ్యి మీద పెట్టి రెండు పేరాలు, దించాక మూడో పేరా రాసుకునేవాళ్ళు. రిటైరైనవాళ్ళు, ఆఫీసులో మధ్యాహ్నం పని లేనివాళ్ళు, పని ఉన్నా చెయ్యనివాళ్ళు. మొదట్లో ఎంత బాగుండేదో ఆ గ్రూపు! పొద్దున్నే ఒకరు కథ పెట్టేవారు. ఇంకొకరు చదివి “ఆ అత్తగారు అచ్చం మా అత్తగారేనండీ, మీకెలా తెలుసు?” అనేవారు. ఎవరి మనవడికి జ్వరమొచ్చినా అందరూ కంగారుపడేవారు. ఒకరి మొహం ఒకరు చూసుకోకపోయినా, వదినా, తమ్ముడూ, అక్కయ్యా అని వరసలు కలిపేసుకున్నారు. త్రిపురసుందరి ఆ రోజుల్లోనే చేరింది. విజయవాడలో వాళ్ళ అపార్ట్‌మెంట్ రెండో అంతస్తులో ఉండే దివాకరంగారే ఆవిణ్ణి చేర్పించారు.

దివాకరంగారు రెవెన్యూ శాఖలో సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. ఆయన రిటైరయ్యారు గాని, ఆయన్లోని సూపరింటెండెంటు రిటైరవలేదు. అపార్ట్‌మెంట్ సంఘానికి ఆయనే అధ్యక్షుడు. సిరాచుక్కకీ ఆయనే అధ్యక్షుడయ్యారు. అయిన రోజు నుంచీ గ్రూపుకి నియమావళి మొదలైంది.

మొదటి నియమం మంచి ఉద్దేశంతోనే పెట్టారు. ఎవరో కొత్త రచయిత కథ పెడితే ఒక్కరూ పలకలేదుట, ఆయన రెండు పూటలు అన్నం మానేశాడుట. “కావున, వేదికలో వెలువడు ప్రతి రచనకు ప్రతి సభ్యుడు సూర్యాస్తమయంలోగా ప్రశంసాపూర్వక స్పందన తెలియజేయవలెను” అని దివాకరంగారు ఉత్తర్వు వేశారు. అందరూ చప్పట్లు కొట్టారు. పర్యవసానంగా గ్రూపంతా “అద్భుతం” అన్న ఒక్క మాటతో నిండిపోయింది. కథ పెట్టినా అద్భుతం, కవిత పెట్టినా అద్భుతం. ఒకాయన కుక్క చచ్చిపోయిందని చెప్పినా అద్భుతమే. ఇలా ఒకే మాట వాడితే భాషాసంపద క్షీణిస్తుందని ఉపసంఘం వేసి, సభ్యులకి తలా ఒక ప్రశంస కేటాయించారు. ఎవరికి కేటాయించింది వాళ్ళే వాడాలి, పక్కవాళ్ళది ముట్టుకోకూడదు. వరంగల్ యాదగిరికి “అదరగొట్టినవ్” వచ్చింది. ప్రధాన కార్యదర్శి భాస్కరాచారిగారు “మరో మైలురాయి” తీసుకున్నారు. త్రిపురసుందరికి “కళ్ళు చెమర్చాయి” వచ్చింది. ఆవిడకి అప్పట్నుంచీ హాస్యకథ చదివినా కళ్ళు చెమర్చాల్సిందే. ఒకసారి ఇడ్లీ మీద రాసిన పద్యానికి కూడా చెమర్చాయి.

అన్నిటికీ సూర్యాస్తమయంలోగా స్పందించాలంటే, చదువుతూ కూచుంటే కుదురుతుందా? కుదరదు. అది గమనించి భాస్కరాచారిగారు మరో తీర్మానం పెట్టారు. “స్పందనలందు అనవసర జాప్యమునకు పఠనమే ముఖ్య కారణమని గుర్తించడమైనది. ఇకపై పఠనము ఐచ్ఛికము, స్పందన అనివార్యము.” అందరికీ ప్రాణం లేచొచ్చింది. చివరికి గుడ్‌మార్నింగ్‌లు, పూల బొమ్మలు అరికట్టడానికి ఇంకో నియమం వేశారు. “ఈ వేదికలో రచనలు మాత్రమే ఉండవలెను. ఇందులో ఏది వచ్చినా అది రచనయే.” ఈ ఆఖరి నియమం గుర్తుపెట్టుకోండి, త్రిపురసుందరి కాళ్ళు కాల్చింది అదే.

ఇన్ని నియమాలకీ ఎదురు తిరిగింది ఒక్కరే, పేరిందేవి టీచరుగారు. కాలవ అవతల ఉంటారు. పిల్లలకి లెక్కలు చెప్పీ చెప్పీ రిటైరైన మనిషి. నోరు మంచిది కాదు. త్రిపురసుందరి ప్రాణం పెట్టి రాసుకున్న కథ కింద ఆవిడ పెట్టిన స్పందన ఇదీ: “నాలుగో పేరాలో చచ్చిపోయిన బాబాయిగారు ఏడో పేరాలో కాఫీ ఎలా తాగారు?”

అంతే. త్రిపురసుందరి రెండ్రోజులు ఏడ్చింది. బాబాయిగారు ఏడో పేరాలో కాఫీ తాగిన మాట నిజమే. అయితే మాత్రం నలుగురిలో అలా అడుగుతారా? దివాకరంగారికి ఫిర్యాదు చేసింది, టీచరుగారి నంబరు బ్లాక్ చేసింది. విచారణ జరిగింది. పేరిందేవి ఆ కథని ఐచ్ఛికంగా కాక ఉద్దేశపూర్వకంగా చదివినట్టు రుజువైంది. గ్రూపులోంచి తీసేస్తే శిక్ష చాలదని భాస్కరాచారిగారు వాదించారు. ఆఖరికి తీర్పు వచ్చింది. “సదరు సభ్యురాలికి రచించు హక్కు, స్పందించు హక్కు శాశ్వతముగా రద్దు. ఇకపై వేదికలో వచ్చు రచనలన్నిటినీ చదువుచు మాత్రమే ఉండవలెను.”

అలా సిరాచుక్కలో చదివే మనిషి ఒక్కరు మిగిలారు. అదీ శిక్ష పడి.

సరే, ఇక డాబా సంగతి. మే నెల. విజయవాడ. ఇంతకన్నా ఎండ గురించి చెప్పక్కర్లేదు. త్రిపురసుందరి పాత పంచె పరిచి వడియాలు పెట్టింది. పంచె తొక్కకూడదని చెప్పులు గుమ్మం లోపల మెట్ల మీదే విడిచింది. వడియాలు పెట్టడం అయ్యేసరికి మధ్యాహ్నమైంది. లేచి చూస్తే తలుపు మూసుంది. వాచ్‌మన్ పైకొచ్చి, నీళ్ళ ట్యాంకు చాటున కూచున్న మనిషిని గాని, మెట్ల మీది చెప్పుల్ని గాని చూడకుండా, లోపలివైపు నుంచి తాళం వేసుకుని మేనకోడలి ఓణీల ఫంక్షన్‌కి వెళ్ళిపోయాడు.

ఆవిడ తలుపు బాదింది. “ఎవరండీ? ఎవరైనా ఉన్నారా?” అని అరిచింది. కింద ప్రతి ఇంట్లోనూ కిటికీలు బిగించి ఏసీలు వేసుకున్నారు, కూలర్లు లారీల్లా రొద పెడుతున్నాయి. ఎవరికి వినపడుతుంది? ఫోన్ తీసి మొగుడికి చేద్దామంటే రీఛార్జి అయిపోయి ఉంది. ఆ పని ఎప్పుడూ ఆయనే చూస్తాడు, ఈసారి మర్చిపోయాడు. అదృష్టం కొద్దీ ఆవిడ ఇల్లు డాబాకి సరిగ్గా కింద ఐదో అంతస్తు. హాల్లో వైఫై సిగ్నలు డాబా మీద ఒక్క తూర్పు మూలకి అందుతుంది. మాట్లాడ్డానికి చాలదు గాని, మెసేజి పోతుంది. నీడేమో పడమట, ట్యాంకు పక్కన. అంటే సిగ్నలున్న చోట నీడ లేదు, నీడున్న చోట సిగ్నలు లేదు. త్రిపురసుందరి ఆ రెంటి మధ్యా కాలుగాలిన పిల్లిలా తిరిగింది. మామూలుగా ఆ మాట ఊరికే అంటాం. ఇక్కడ నిజంగానే కాళ్ళు కాలాయి.

తూర్పు మూలకి పరిగెత్తి మొగుడికి మెసేజి పెట్టింది. “ఏవండీ, డాబా మీద ఇరుక్కుపోయాను. తాళం పడింది. తొందరగా రండి.”

మొగుడు ఫణీంద్ర ఆఫీసులో ఉన్నాడు. క్షణంలో జవాబు వచ్చింది: “చాలా బాగుంది.” పక్కన బొటనవేలి బొమ్మ ఒకటి.

ఆయన్ని అనడానికి లేదు. ఇన్నాళ్ళుగా ఆవిడ రోజుకో కథ పంపుతోంది, ఆయన రోజుకో బొటనవేలు చూపిస్తున్నాడు. కాపురం సాఫీగా సాగిపోతోంది. త్రిపురసుందరికి మాత్రం ఒళ్ళు మండిపోయింది. “ఇన్నాళ్ళూ ఇంతేనా! ఒక్కటీ చదవలేదా!” అని బొటనవేలి వంక చూసి పళ్ళు నూరింది. తిట్టుకుంటూ కూచునే టైము కాదది. నాలిక పిడచకట్టుకుపోతోంది. ఫోన్లో బ్యాటరీ కూడా అడుగంటుతోంది. తెలిసినవాళ్ళు ఇంకెవరున్నారు? సిరాచుక్క ఉంది. వరసలు కలిపిన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు వందమందికి పైగా ఉన్నారు. ఒక్కరు చూస్తే చాలు. గబగబా రాసింది.

“నేను మా అపార్ట్‌మెంట్ డాబా మీద ఇరుక్కుపోయాను. చాలా భయంగా ఉంది. తలుపుకి అవతల తాళం పడింది. చెప్పుల్లేవు. కాళ్ళు కాలుతున్నాయి. ఎవరైనా వచ్చి తలుపు తీయండి.”

పెట్టి, నీడలోకి పరిగెత్తి, కాళ్ళు చల్లార్చుకుని, మళ్ళీ మూలకి వచ్చింది. ఆహా, ఎన్ని జవాబులో! గుండె నిండిపోయింది. చదివింది.

“అదరగొట్టినవ్ అక్కా” అన్నాడు యాదగిరి.

“మరో మైలురాయి” అన్నారు భాస్కరాచారిగారు.

“పదాల పోహళింపు”, “కలానికి వందనం”, “తదుపరి భాగం కోసం ఎదురుచూపు” వరసగా పడుతున్నాయి. ఎవరి కేటాయింపు వాళ్ళు బుద్ధిగా వాడుకుంటున్నారు. దివాకరంగారైతే నియమం కన్నా ఒక మెట్టు పైకెళ్ళి నాలుగు వాక్యాలు రాశారు. “వేసవి వర్ణన కళ్ళకు కట్టినది. చదువుచుండగా మా అపార్ట్‌మెంట్ డాబాయే స్ఫురించినది. మా డాబాకును ఇట్టి తలుపే కలదు. రచయిత్రికి అభినందనలు.”

“అయ్యో రామ! అది మన డాబాయేనండీ!” అని త్రిపురసుందరి ఫోన్ మీద అరిచింది. మళ్ళీ రాసింది. “ఇది కథ కాదండీ! నిజం! నిజంగా ఇరుక్కుపోయాను!”

ఈసారి కార్యదర్శిగారు హైదరాబాదు నుంచి వెంటనే స్పందించారు. “‘ఇది కథ కాదు, నిజం’ అను ఎత్తుగడ మన వేదికకు నూతనము. అయితే ఒక రచయిత ఒకే దినమున రెండు రచనలు చేయరాదు గనుక, దీనిని మొదటి రచనకు రెండవ భాగముగా పరిగణించడమైనది. మూడవ భాగమునందైనా కథాంశము ముందుకు జరుగగలదని ఆశించడమైనది.”

త్రిపురసుందరికి తల తిరిగింది. ఎండకా, కార్యదర్శికా అంటే చెప్పడం కష్టం. కాళ్ళ కింద వడియాల పంచె చివర పరుచుకుని నిలబడి మూడో భాగం రాసింది. “దివాకరంగారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను. మీరు కింద రెండో అంతస్తులోనే ఉన్నారు. డాబా తాళం రెండో చెవి మీ హాల్లో మేకుకి వేలాడుతోంది. తీసుకుని పైకి రండి.”

దివాకరంగారు చదివారు. పాపం, ఆయన తన పేరు కనపడితే చదువుతారు. “జీవించియున్న వ్యక్తులను పాత్రలుగా వాడునపుడు లిఖితపూర్వక అనుమతి తప్పనిసరి. అయినను, వేదిక అధ్యక్షుని పాత్రగా మలచిన తొలి రచన అగుటచే మినహాయింపు ఇవ్వడమైనది. మేకు, తాళంచెవి మున్నగు వివరములు సహజముగా ఉన్నవి. నా పాత్ర మరికొంత గంభీరముగా ఉండిన బాగుండును.”

“ఓరి మీ గంభీరం తగలెయ్య!” అంది త్రిపురసుందరి పైకే. పుట్టి బుద్ధెరిగాక పెద్దవాళ్ళని ఆవిడ అలా అనడం అదే మొదలు.

గ్రూపు మాత్రం మంచి ఊపు మీదుంది. యాదగిరి హుషారైపోయాడు. “అక్కా, ఎండింగ్‌ల హీరోయిన్‌ను సావనియ్యి అక్కా. అప్పుడే గుండె పిండినట్టైతది” అని సలహా ఇచ్చాడు. ఎవరో వద్దన్నారు. ఇంకెవరో విషాదాంతమే శాశ్వతమన్నారు. సభ్యుల మధ్య అభిప్రాయభేదాలు రాకూడదని భాస్కరాచారిగారు అప్పటికప్పుడు ఓటింగు పెట్టేశారు. ‘నాయిక బతకవలెనా? మరణించవలెనా?’

త్రిపురసుందరి కళ్ళార్పకుండా చూస్తూండగానే మరణం ముందుకు దూసుకుపోతోంది. ఈ మనుషులే కదా, పోయినేడు ఆవిడకి టైఫాయిడ్ వస్తే బార్లీ నీళ్ళు తాగమని, బొబ్బర్లు తినొద్దని రోజూ కనుక్కున్నది! ఇప్పుడు ఆవిణ్ణే చావమని ఓటేస్తున్నారు. వాళ్ళకి ఆవిడ మీద కోపం ఉందా అంటే ఒక్కరికీ లేదు. సూర్యాస్తమయంలోగా ఏదో ఒకటి నొక్కాలి, నొక్కుతున్నారు. ఏడుపు తన్నుకొచ్చింది. కన్నీళ్ళు తుడుచుకుంటూ తన ఓటు తను ‘బతకవలెను’ మీద వేసుకుంది.

కార్యదర్శిగారు పట్టేశారు. “రచయిత తన రచనపై తానే ఓటు వేయుట స్వప్రయోజనము కిందికి వచ్చును. సదరు ఓటు చెల్లదు.”

దాంతో ఆవిడ బతకడానికి ఉన్న ఒక్క ఓటూ పోయింది.

అప్పుడు గుర్తొచ్చింది పేరిందేవి టీచరు. గ్రూపులో చదివేది ఆవిడొక్కర్తే. “కాఫీ ఎలా తాగారు?” అని అడిగిన మనిషి, “తాళం ఎవరు వేశారు?” అని అడగదా? అడిగే నోరు కుట్టించింది ఎవరు? తనే. “నాకిలాగే కావాలి” అనుకుంది త్రిపురసుందరి. నంబరు బ్లాకులోంచి తీద్దామని వెతుకుతూండగానే ఫోన్ చేతిలో ఆరిపోయింది.

ఇక చేసేదేముంది? పంచె లాక్కుని ట్యాంకు నీడలో కూలబడింది. ట్యాంకు కొళాయి తిప్పితే సలసలా కాగిన నీళ్ళొచ్చాయి. వడియాలు ఒక్క పూటలోనే గలగలలాడుతున్నాయి. ఇంకాసేపుంటే నేనూ అంతే అనుకుని, భయమేసి, తెలిసిన దేవుళ్ళందర్నీ వరసపెట్టి పిలిచింది.

దేవుళ్ళ వంతు ఇంకా పూర్తి కాలేదు, మెట్ల మీద చెప్పుల చప్పుడు వినపడింది. వెనకాలే రెండు గొంతులు.

“ఆగండి పేరిందేవిగారూ! తాళంచెవి అలా లాక్కొచ్చేస్తే ఎలాగండీ? మీ మీద ఉత్తర్వు అమల్లో ఉంది!” అది దివాకరంగారి గొంతు, రొప్పుతోంది.

“తప్పుకోండి మీరు.”

“మీకు చదివే అధికారం మాత్రమే ఉందండీ! తలుపు తీయడం కూడా స్పందన కిందికే వస్తుంది! పైగా రచన ఇంకా పురోగతిలో ఉంది!”

త్రిపురసుందరి ఎగిరి తలుపు మీద పడింది. “నేనిక్కడే ఉన్నానండీ! దివాకరంగారూ, నేనండీ, త్రిపురసుందరిని! చచ్చిపోతున్నానండీ!”

అవతల చెప్పుల చప్పుడు ఆగింది.

“చూశారా!” అన్నారు దివాకరంగారు పరవశంగా. “పాత్ర ఎంత సహజంగా మాట్లాడుతోందో! ఇది కదండీ సంభాషణ అంటే!”

తాళం తెరుచుకుంది. గుమ్మంలో పేరిందేవి టీచరు. పొట్టి మనిషి, ఎండకి తలమీద తడి తువ్వాలు, చంకలో నీళ్ళసీసా. వెనకాల దివాకరంగారు లుంగీ మీద చొక్కాతో, ముక్కు మీదికి జారిన కళ్ళజోడుతో. ఆయన ఎదుట నిలబడ్డ మనిషిని చూశారు, కాళ్ళ మీద లేచిన బొబ్బలు చూశారు. తర్వాత ఏదో నియమం వెతుక్కుంటున్నట్టు జేబులు తడుముకున్నారు.

టీచరుగారు ఆవిణ్ణి మెట్ల మీద నీడలో కూచోబెట్టి నీళ్ళు తాగించారు. “మెల్లిగా తాగు. గుటగుటా తాగితే పొరబోతుంది” అని కసిరారు. మిగిలిన నీళ్ళు కాళ్ళ మీద పోశారు.

ప్రాణం కుదుటపడ్డాక త్రిపురసుందరి అడిగింది. “ఇది నిజమని మీకెలా తెలిసింది టీచరుగారూ? అంతమంది కథే అనుకున్నారే!”

“నీ కథలన్నీ చదివానుగదమ్మా, శిక్ష పడ్డాక మరీనూ. నీ కథల్లో ఎండ ఎప్పుడూ బంగారం పరిచినట్టుంటుంది. మల్లెపూలు వాడిపోవు. ఎవరికీ ఆకలెయ్యదు, చెమట పట్టదు. చచ్చినవాళ్ళు కూడా కాఫీ తాగుతారు. ఇవాళ ‘చెప్పుల్లేవు, కాళ్ళు కాలుతున్నాయి’ అని రాశావు. అది చూసి, ఈ పిల్ల ఇది అల్లి రాసింది కాదు, నిజంగా కాలుతున్నాయి అనుకున్నా. బండి తీశాను.”

త్రిపురసుందరి తల దించుకుంది. ఆవిడ అడగాల్సింది క్షమాపణ. అడుగుదామనే నోరు తెరిచింది. రాసే మనిషి కదా, వేరే మాట వచ్చింది.

“ఇంతకీ... ఎలా ఉందండీ?”

“బాగుంది” అన్నారు పేరిందేవి. సీసా మూత బిగిస్తూ, “రెండో వాక్యం అక్కర్లేదు. కాళ్ళు కాలుతున్నాయని చెబుతున్నప్పుడు భయంగా ఉందని వేరే చెప్పాలా?” అన్నారు.

త్రిపురసుందరికి కళ్ళు చెమర్చాయి. ఎవరూ కేటాయించకుండా, వాటంతటవే.

సాయంత్రం ఫోన్ చార్జి ఎక్కాక చూస్తే గ్రూపంతా కోలాహలం. ఆ మూడు భాగాలకీ ఏకగ్రీవంగా ‘ఈ వేసవి మేటి రచన’ బహుమతి ప్రకటించారు. ముగింపు రాకముందే తలుపు తీసి రచనకు నష్టం కలిగించినందుకు పేరిందేవికి సంజాయిషీ నోటీసు పోయింది. ఆవిడకి జవాబిచ్చే హక్కు లేదు గనుక సంజాయిషీ అందలేదని ఇంకో నోటీసు పోయింది. ఫణీంద్ర ఇంటికొచ్చి పెళ్ళాం కాళ్ళకి కట్లు చూసి బిత్తరపోయి, మధ్యాహ్నం మెసేజి తీసి మొదటిసారి చదువుకున్నాడు. ఆ రాత్రి ఆయనకి అన్నం సహించలేదు.

దివాకరంగారు కూడా ఆ పూట ఊరుకోలేదు. అనుభవం మనసులో ఆరకముందే ‘డాబా మెట్లపై ఒక ధీరుడు’ అని కథ రాసి పెట్టేశారు. అందులో రెండో అంతస్తు పెద్దమనిషి ఒకాయన ప్రాణాలకు తెగించి తాళం పగలగొట్టి నాయికని కాపాడతాడు. “అదరగొట్టినవ్ సార్”, “మరో మైలురాయి” పడిపోతున్నాయి. త్రిపురసుందరి కట్లు కట్టిన కాళ్ళు దిండు మీద పెట్టుకుని కథ మొత్తం చదివింది. మొదటి అక్షరం నుంచి చివరిదాకా, తొందర లేకుండా. చదివి, కింద ఒక్క వాక్యం రాసింది.

“తాళంచెవి మీ మేకుకే ఉండగా తాళం ఎందుకు పగలగొట్టారండీ?”

మర్నాడు విచారణ జరిగింది. కథ మొత్తం చదివానని ఆవిడ ఒప్పేసుకుంది. రచించు హక్కు, స్పందించు హక్కు శాశ్వతముగా రద్దయ్యాయి. బహుమతి వెనక్కి తీసుకున్నారు.

త్రిపురసుందరి ఇప్పటికీ కథలు రాస్తూనే ఉంది. ఆదివారం ఆదివారం కాలవ అవతలికి పట్టుకెళ్తుంది, వడియాలు కూడా. టీచరుగారు వడియాలు బాగున్నాయంటారు, కథలో ఏం బాగాలేదో చెబుతారు. సిరాచుక్కలో చదివేవాళ్ళు ఇప్పుడు ఇద్దరు.